ఫోను మోగని నిమిషం ఖరీదు

కాల్ సెంటర్ పెడదామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "పది సిస్టమ్స్‌కి ఎంతవుతుంది?" సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల బేరం, హెడ్‌సెట్ల బేరం, ఏసీ పెట్టాలా కూలర్‌తో సరిపెట్టుకోవాలా, రెండు గంటలు ఈ మాటలే నడుస్తాయి. ఫోను ఎవరు చేస్తారు, ఎంతసేపు మాట్లాడతారు, ఆ మాటలకు డబ్బులు ఎవరిస్తారు, ఎన్నాళ్లకిస్తారు అన్నవి టీ తాగి లేవబోయే ముందు గుర్తొస్తాయి. నేను చూసినంతలో చిన్న సెంటర్లు కంప్యూటర్లు చాలక మూతబడలేదు. లేవబోయే ముందు గుర్తొచ్చిన ఆ ప్రశ్నలకు జవాబు లేకే మూతబడ్డాయి.

ఇక్కడ చెప్పేది పది పన్నెండు లక్షల్లో, వరంగల్‌లోనో రాజమండ్రిలోనో అనంతపురంలోనో, రెండు మూడు గదుల్లో మొదలయ్యే వ్యవహారం గురించి. అమెరికా షిఫ్టులు, అద్దాల మేడలు వేరే కథ. మనకు ఫోనులో తెలుగు వినిపించి పనులు నడిపిన చరిత్ర తక్కువేమీ లేదు. కిసాన్ కాల్ సెంటర్ 2004 జనవరిలో మొదలైంది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఆ మూడంకెలు ఇంటింటి మాటయ్యాయి. దాదాపు అదే కాలంలో బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్‌ఐటీ' పేరుతో పశ్చిమ గోదావరి పల్లెల్లోనే బీపీవో కేంద్రాలు నడిపి, ఈ పనికి మహానగరమే అక్కర్లేదని చూపించింది. తర్వాత కేంద్రం చిన్న పట్టణాలకు బీపీవోలను తేవడానికి 48,300 సీట్ల లక్ష్యంతో, సీటుకు లక్ష రూపాయల వరకు సాయమిచ్చే పథకం పెట్టింది. దాని గడువు 2019 మార్చితో ముగిసింది. ఇప్పటికీ ఆ సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా ఫైలు ఖర్చులు అడిగితే నమస్కారం పెట్టి పంపేయండి.

ముందు ఒక ఫోను దగ్గర కూర్చుందాం. పొద్దున ఏడు గంటలు, రక్తపరీక్షల ల్యాబ్ నంబరు.

"అమ్మా, షుగర్ పరీక్షకి పొద్దున్నే రమ్మన్నారు. టీ తాగి రావచ్చా?"

"పరగడుపున రావాలండీ. మంచినీళ్లు తాగొచ్చు."

"మరి మాత్ర?"

"మాత్ర సంగతి మీ డాక్టరు గారినే అడగండి బాబాయ్ గారూ."

"మీవాళ్లు ఇంటికొచ్చి తీసుకుంటారంట కదా?"

"వస్తారండీ. అడ్రసు చెప్పండి."

"పాత సినిమాహాలు లేదూ, దాని ఎదురు సందు... ఉండు తల్లీ, మా మనవడికిస్తా, వాడు చెప్తాడు."

మనవడు స్నానానికెళ్లాడు. ఫోను బల్లమీద ఉంది. నీళ్ల చప్పుడు, ఎవరో "ఎవర్రా ఫోన్లో" అనడం వినిపిస్తున్నాయి. పెట్టేయడానికి లేదు, పెడితే మళ్లీ చేస్తారు, ఈసారి కోపంగా. మనవడొచ్చి, డోర్ నంబరు తెలియక రావిచెట్టు నుంచి మూడో ఇల్లని చెప్పి, సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వస్తుందా అని అడిగి పెట్టేసరికి నాలుగు నిమిషాలు. కాంట్రాక్టు రాసుకున్నప్పుడు ల్యాబ్ యజమాని చెప్పింది రెండు నిమిషాలు. ఆయన అబద్ధమాడలేదు. తను మాట్లాడితే రెండు నిమిషాలే అవుతుంది, ఎందుకంటే ఆయన అడ్రసు రాసుకోడు.

ఈ నాలుగు నిమిషాల మీదే వ్యాపారమంతా నిలబడుతుంది. రద్దీ గంటలో అరవై ఫోన్లొస్తాయనుకుందాం. అరవై నాలుగులు రెండొందల నలభై నిమిషాలు, అంటే నలుగురి గంట పని. నలుగురిని పెడితే సరిపోదా? సరిపోదు. ఫోన్లు నిమిషానికొకటి చొప్పున వరసగా రావు. ఏడున్నరకు తొమ్మిది ఒక్కసారి మోగుతాయి, ఏడూ నలభైకి ఒక్కటీ మోగదు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు వందేళ్ల కిందటే ఈ ఎగుడుదిగుడుకు సూత్రం కట్టాడు. కాల్ సెంటర్లు ఇప్పటికీ దాన్ని వాడుతున్నాయి. ఆ లెక్క ప్రకారం మన అరవై ఫోన్లకు నలుగురే ఉంటే వరస పెరుగుతూనే పోతుంది. ఐదుగురుంటే ఇరవై సెకన్లలో ఎత్తేది సగం ఫోన్లే. ఆరుగురికి నూటికి డెబ్బయ్యారు. ఏడుగురుంటేనే ఎనభై దాటి తొంభై దగ్గరికి వస్తుంది.

అక్కడితో అయిపోలేదు. వారమంతా ఏడు కుర్చీలు నిండాలంటే, మనిషికి వారానికో సెలవు ఇస్తే ఎనిమిదిమందికి పైనే కావాలి. జ్వరాలు, పెళ్లిళ్లు, పరీక్షలు, కొత్తవాళ్లకు శిక్షణ కలిపితే పదిమంది. నలుగురి పనికి పదిమంది జీతాలు! ఈ వాక్యం చదివి నవ్వుకునేవాళ్లు ఇంకా సెంటర్ పెట్టలేదని అర్థం. ఇక్కడ కొనేది మాట్లాడే టైము ఒక్కటే అనుకుంటాం గానీ, ఫోను ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూసే టైమును కూడా జీతమిచ్చి కొనాలి.

అయితే ఈ సూత్రంలోనే చిన్నవాడికి పనికొచ్చే కిటుకూ ఉంది. ఇంతే రద్దీ ఉన్న మరో ల్యాబ్ దొరికితే విడిగా మరో ఏడు కుర్చీలు వేయనక్కర్లేదు. అందరూ రెండు నంబర్లూ ఎత్తేలా తర్ఫీదిస్తే పద్నాలుగు బదులు పదకొండుమందితో ఎనభై శాతం నిలుస్తుంది. ఒకరి ఖాళీ నిమిషం ఇంకొకరి రద్దీకి పనికొస్తుంది. రద్దీ వేళలు వేరైతే మరీ లాభం: ల్యాబుకు పొద్దున, ట్రావెల్స్ బస్సులకు సాయంత్రం, కాలేజీ అడ్మిషన్లకు వేసవి.

ఇప్పుడు డబ్బు. నా అంచనా ఊరినిబట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ ఆకారం మారదు. ఎనిమిది పాత కంప్యూటర్లు లక్షా ఇరవై వేలు, మంచి హెడ్‌సెట్లు పాతిక వేలు, ఇన్వర్టరు బ్యాటరీలు అరవై వేలు, బల్లలు కుర్చీలు మధ్యలో అడ్డుతెరలు ఎనభై వేలు, రౌటరు వైరింగు పాతిక వేలు, ఇంటి అడ్వాన్సు నలభై అయిదు వేలు. మొత్తం మూడున్నర లక్షల చిల్లర. చాలామంది ప్రాజెక్టు రిపోర్టు ఇక్కడే ఆగిపోతుంది. నెల ఖర్చు చూడండి: పదిమందికి పదమూడు వేల చొప్పున లక్షా ముప్ఫై వేలు, టీమ్ లీడర్‌కు ఇరవై వేలు, ఈఎస్ఐ వాటా అయిదు వేలు, అద్దె పదిహేను వేలు, రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు మూడు వేలు, కరెంటు పది వేలు, ఫోన్ సాఫ్ట్‌వేర్ అద్దె పన్నెండు వేలు, కాల్ చార్జీలు పది వేలు, టీలూ రిపేర్లూ మరో పది వేలు. నెలకు రెండు లక్షల పదిహేను వేలు. ఏడు కుర్చీలతో భాగిస్తే సీటుకు ముప్ఫై వేల ఏడొందలు పడుతుంది. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే ప్రతి నెలా చేతి డబ్బు వేసి ఎదుటివాడికి సేవ చేస్తున్నట్టే.

పని జనవరి ఒకటిన మొదలైందనుకోండి. బిల్లు జనవరి ఆఖరున వేస్తారు. నలభై అయిదు రోజుల గడువు. అంటే మొదటి రూపాయి వచ్చేది మార్చి మధ్యలో, ఈలోగా డెబ్బై అయిదు రోజుల ఖర్చు, అయిదు లక్షల నలభై వేలు, మీ జేబులోంచి పోయింది. ఇంకో దెబ్బ జీఎస్టీ. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు; నెలకు రెండున్నర లక్షల చిల్లర బిల్లు వేసేవాడు ఎనిమిది నెలల్లో ఆ గీత దాటతాడు. 18 శాతం పన్ను బిల్లు వేసిన మరుసటి నెలలోనే కట్టాలి, కస్టమర్ మీకు ఇచ్చాడా లేదా అన్నది ప్రభుత్వానికి అనవసరం. అందుకే నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకుని మొదలుపెట్టమంటాను. సామాను మూడున్నర లక్షలు, నిలవ డబ్బు ఎనిమిదిన్నర లక్షలు. పన్నెండు లక్షల్లో యంత్రాల వాటా మూడో వంతు కూడా లేదు.

వసూలుకు చట్టం కొంత తోడుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్లో అరగంట పని. అది ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. రాతకోతలు లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. అంతకన్నా గట్టిగా పనిచేసేది ఆదాయపు పన్ను నిబంధన: గడువు దాటిన బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. మార్చి నెలలో ఈ ముక్క వాళ్ల ఆడిటర్ చెవిన వేస్తే మీరు పదిసార్లు తిరగాల్సిన పని ఒక్క మెయిల్‌తో అవుతుంది. ఇంకో చిన్న ఊరట: కాల్ సెంటర్ నడపడమే పనిగా ఉన్న సంస్థల బిల్లు మీద టీడీఎస్‌ను 2017 జూన్ నుంచి పది శాతం బదులు రెండు శాతానికి తగ్గించారు. కస్టమర్ అకౌంటెంట్లు చాలామంది అలవాటుగా పదే కోసేస్తారు. మొదటి బిల్లుతోనే అడగాలి.

అప్పు సంగతి తొందరగా ముగిస్తాను. ముద్రలో శిశు 50 వేలు, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షల వరకు. పీఎంఈజీపీ కింద సేవారంగం యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల దాకా ఉండొచ్చు. జనరల్ వర్గానికి పట్టణంలో 15 శాతం, పల్లెలో 25 శాతం సబ్సిడీ, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితరులకు ఇంకో పది శాతం ఎక్కువ. బ్యాంకు మేనేజరు ముందు యంత్రాల కొటేషన్ కన్నా కస్టమర్ రాసిచ్చిన కాంట్రాక్టు కాగితం బరువెక్కువ.

అసలు ప్రమాదమున్న చోటికి వద్దాం. డబ్బు తక్కువున్న కుర్రాళ్లకు తట్టే మొదటి ఆలోచన, పది చవక ఫోన్లు, పది అన్‌లిమిటెడ్ సిమ్‌లు, ఒక డయలర్ యాప్. కంప్యూటర్లు కూడా అక్కర్లేదు. మొదటి వారం బాగానే నడుస్తుంది. కానీ ఒక మనిషి పేర తొమ్మిది సిమ్‌లకు మించకూడదు. 2023 టెలికాం చట్టం ప్రకారం మించితే మొదటిసారి 50 వేలు, తర్వాత 2 లక్షల దాకా జరిమానా. అందుకని బావమరిది పేర, పనిచేసే అమ్మాయిల పేర సిమ్‌లు తీస్తారు. రేపు ఏదైనా జరిగితే పోలీసు ఫోను వెళ్లేది వాళ్లింటికి.

పైగా మామూలు పదంకెల నంబరు నుంచి ప్రచారం ఫోన్లు చేయడమే తప్పు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ, దాని తరఫున ఫోన్లు చేసే టెలిమార్కెటరు ఇద్దరూ ఆపరేటర్ల డీఎల్‌టీ వ్యవస్థలో నమోదు కావాలి; ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లే వాడాలి. 2024 ఆగస్టు 13న ట్రాయ్ ఇంకా బిగించింది. నమోదు లేకుండా ఇలాంటి ఫోన్లు చేసేవాళ్ల లైన్లన్నీ తెంచి రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమంది. 2025 ఫిబ్రవరి సవరణ తర్వాత పది రోజుల్లో అయిదు ఫిర్యాదులొస్తే చాలు, చర్య మొదలవుతుంది. రోజుకు మూడొందల మందికి ఫోను చేసే చోట విసుగెత్తి 1909కి ఫిర్యాదు చేసేవాళ్లు అయిదుగురు దొరకడం ఎంతసేపు? ఒక్క మధ్యాహ్నం చాలు.

మరోవైపు, లైసెన్సు భయం మాత్రం పాతబడిపోయింది. ఒకప్పుడు టెలికాం శాఖ దగ్గర 'ఓఎస్‌పీ' పేరుతో నమోదు, కొన్ని ఏర్పాట్లకు బ్యాంకు గ్యారంటీలు ఉండేవి. 2020 నవంబరులో, 2021 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు వాటిని ఎత్తేశాయి; ఇంటినుంచి పనిచేయడానికీ దారి తెరిచాయి. ఇప్పటికీ "ఓఎస్‌పీ లైసెన్సు తెచ్చిపెడతాం" అని పాతిక వేలు అడిగే ఏజెంట్లున్నారు. లేని లైసెన్సుకు ఫీజెందుకు? ఇంటర్నెట్ మీద తెచ్చిన విదేశీ కాల్స్‌ను సిమ్ బాక్సులతో లోకల్ కాల్స్‌గా మార్చడం మాత్రం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. "రాత్రిళ్లు ఒక మిషను మీ గదిలో పెట్టుకుంటాం, నెలకింత ఇస్తాం" అని వచ్చేవాడు అదే పని మీద వస్తాడు.

వీళ్లందరికన్నా ఎక్కువ కుటుంబాలను ముంచింది 'ప్రాసెస్' అమ్మేవాళ్లు. పెద్ద కంపెనీ పని తెచ్చిస్తాం, సీటుకింత డిపాజిట్ కట్టండి అంటారు. లెటర్‌హెడ్ ఉంటుంది, రబ్బరు స్టాంపు ఉంటుంది, నోటరీ కూడా ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన భార్య గాజులు తాకట్టుపెట్టి పదిహేను సీట్లకు కట్టాడు. పని వచ్చింది కూడా, ఇరవై రోజులు. తర్వాత 'క్వాలిటీ ఫెయిల్' అని మెయిల్, బిల్లు కొట్టివేత, డిపాజిట్ జప్తు. ఆ మెయిల్ పంపిన ఆఫీసు అడ్రసుకు వెళ్తే అక్కడ టైలరు దుకాణం. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి, అడగకూడదు. ఇంతకుమించి ఈ విషయంలో తెలుసుకోవాల్సిందేమీ లేదు.

ఏ పని తీసుకోవాలన్నదీ అంతే ముఖ్యం. బాకీల వసూలు ఫోన్లకు డబ్బులు త్వరగా వస్తాయి, నిజమే. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయినప్పుడు పోలీసులు వెళ్లి తలుపులు తట్టింది కాల్ సెంటర్లవే. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వసూలు ఫోన్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత చేయకూడదని చెప్పింది. టైము పాటించినా, ఇరవై ఏళ్ల అమ్మాయి రోజంతా తిట్లు తిని ఇంటికెళ్లే పని అది. నేనైతే తీసుకోను. బయటికి చేసే ఫోన్ల కన్నా లోపలికి వచ్చే ఫోన్లతో మొదలుపెట్టడం మేలు. అవతలివాడు తనంతట తానే చేశాడు కాబట్టి 'ఫోన్లు చేయొద్దు' జాబితా (డీఎన్‌డీ) గొడవ లేదు, మర్యాదగానే మాట్లాడతాడు.

టెక్నాలజీ నిజానికి తేలిక భాగం. నాణ్యమైన వాయిస్ కాల్‌కు సెకనుకు తొంభై కిలోబిట్ల లోపే చాలు. పదిమంది ఒకేసారి మాట్లాడినా ఒక ఎంబీపీఎస్ దాటదు. కాబట్టి మూడొందల ఎంబీపీఎస్ ప్లాన్ మీద డబ్బు తగలేయకండి. గొంతు ఆలస్యంగా చేరితేనే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నాం కదా అని ధీమాగా ఉన్నవాళ్లు ఒకసారి వీధిలోకెళ్లి తలెత్తి చూడాలి. రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే, లారీ ఒక్కటి తగిలిందంటే రెండూ పోతాయి. 1999లో మార్క్ స్పెన్సర్ రాసిన ఫోన్ సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్, దానిమీద కట్టిన విసీడయల్ ఉచితమే, కానీ రాత్రి పదకొండుకు ఆగిపోతే బాగుచేసే మనిషి ఉచితం కాదు. పది సీట్లకు క్లౌడ్ టెలిఫోనీ అద్దెకు తీసుకోవడమే నయం. హైదరాబాద్ సంస్థ ఓజోన్‌టెల్ లాంటివి ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నాయి.

పదో మనిషిని చేర్చుకున్న రోజు ఈఎస్ఐ వస్తుంది, లైంగిక వేధింపుల నివారణకు 2013 చట్టం చెప్పిన అంతర్గత కమిటీ వేయాల్సి వస్తుంది. ఇరవైకి పీఎఫ్. కాల్ రికార్డింగులు, ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు మన దగ్గరుంటాయి కనుక 2023 డేటా రక్షణ చట్టం కూడా మన గడప దాకా వచ్చినట్టే. సీట్లో సొంత ఫోను వద్దనడం, ఎక్సెల్ డౌన్‌లోడ్ ఆపేయడం పైసా ఖర్చులేని జాగ్రత్తలు. ఇంటినుంచి పని ఇచ్చేటప్పుడు ఇదే చిక్కు. అద్దె మిగులుతుంది, బయటికి రాలేని నేర్పరి ఆడవాళ్లు దొరుకుతారు. పక్కింటి కుక్కర్ విజిల్, రోగి పేరు వినే పక్కింటావిడ కూడా దొరుకుతారు.

భాష గురించి ఎవరూ లెక్క వేయరు, నేను వేస్తాను. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది, నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?" ఏ తెలుగువాడు ఎవరితో ఇలా మాట్లాడతాడు? ల్యాబ్ పేరు చెప్పి "చెప్పండి" అంటే సరిపోతుంది. ఇలాంటి ఉపచారాలు తీసేస్తే ఫోనుకు ఇరవై సెకన్లు మిగులుతాయి. అరవై ఫోన్ల మీద అది ఇరవై నిమిషాలు, మూడో వంతు మనిషి. అలాగే నిజామాబాద్ నుంచి ఒకాయన "మాపటికి వస్త" అంటే సాయంత్రమని భీమవరం అమ్మాయికి తెలిసుండాలి. 'మక్కలు' అంటే మొక్కజొన్న అని తెలియక విత్తనాల కంపెనీ ఫోను ఎత్తితే ఒక నిమిషం అక్కడే పోతుంది. బెంగళూరులో కూర్చుని తెలుగు నేర్చుకున్న సెంటర్ల కన్నా మన చిన్న ఊరి సెంటర్ ఎక్కువ ధర అడగగలిగేది ఇక్కడే.

యంత్రం ఫోనెత్తే రోజులొచ్చాయి కదా, ఇంకా ఈ వ్యాపారమేమిటని అడగొచ్చు. ఆర్డరు ఖాయమా, అపాయింట్‌మెంట్ గుర్తుందా అని అడిగే నిమిషం లోపు ఫోన్లు బాట్‌ల చేతికి పోతున్నాయి; తెలుగులో కూడా. వాటిమీద సెంటర్ కట్టుకోవడం తెలివైన పని కాదు. మనవడు స్నానం చేసి వచ్చేదాకా ఆగాల్సిన ఫోను, టీ తాగి రావచ్చా అన్న ప్రశ్న వెనక భయం ఉన్న ఫోను, అవి ఇంకా కొన్నాళ్లు మనుషులవే అనుకుంటున్నాను.

మొదటి కస్టమర్ ఎక్కడ దొరుకుతాడు? బ్రోచరు అచ్చేయించకండి. ఊళ్లో రద్దీగా ఉండే ల్యాబుకో, పళ్ల ఆసుపత్రికో, ఇన్వర్టర్ల సర్వీసు సెంటరుకో వెళ్లి, యజమానిని పోయిన వారం మిస్డ్ కాల్స్ చూపించమనండి. "మాకట్లాంటివేం లేవండీ" అంటాడు. కౌంటర్లో ఫోను అడిగి తీసుకుని ఎర్రరంగు నంబర్లు ఆయన ముందే లెక్కపెట్టండి. ఒప్పుకుంటే, అక్కడే స్పీకర్ పెట్టి అందులో నాలుగింటికి ఆయన చేతే ఫోను చేయించండి. ఒకరు ఎత్తరు. ఒకరు రాంగ్ నంబర్ అంటారు. ఒకరు రేపొస్తామంటారు. ఒకరు మాత్రం కాసేపాగి అంటారు: "మొన్న రెండుసార్లు చేశామండీ, ఎవరూ ఎత్తలేదు. పక్క వీధిలో చేయించేసుకున్నాం."